వర్డ్ ఫైలు నుంచి హెల్ప్ ఫైలుకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే పని గురించి అడిగినవి. నాలుగూ ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి, అంటే రాయగడ, పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం నుంచి వచ్చాయి. వర్డ్‌లో రాసిపెట్టుకున్న వాడుక పుస్తకాన్ని, అందులోని బొమ్మలతో సహా, హెల్ప్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా తెచ్చుకోవాలన్నది అందరి ప్రశ్న. ఒకరికిచ్చిన జవాబు మరొకరికి కూడా అక్కరకు వచ్చేలా ఉన్నందున, ఈ సంచికలో మిగిలిన ప్రశ్నలను ఆపి, స్థలమంతా ఈ నాలుగింటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మేము రైసుమిల్లులకు లెక్కల ప్రోగ్రాము తయారుచేసి ఇస్తుంటాము. ధాన్యం రాక, తూకం, తేమ శాతం, మర కూలి, బియ్యం పంపకం అన్నీ అందులో నమోదవుతాయి. దానిని ఎలా వాడాలో చెప్పే 140 పేజీల పుస్తకాన్ని మా దగ్గర పనిచేసేవారు నాలుగేళ్లుగా వర్డ్‌లో రాస్తూ వచ్చారు. ఇప్పుడు ఎఫ్1 నొక్కగానే తెరుచుకునే హెల్ప్‌గా దానిని మార్చాలని ఒక సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే, 140 పేజీలూ ఒకే టాపిక్‌గా, అంటే హెల్ప్‌లో ఒకే పేజీగా, వచ్చి పడ్డాయి. ఎడమవైపు విషయసూచికలో ఒక్క పేరే కనిపిస్తోంది. వరుస సంఖ్యలు కూడా తారుమారయ్యాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఈ బాధ తప్పుతుందో దయచేసి చెప్పండి.
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: కొత్త సాఫ్ట్‌వేర్ కొనవద్దు. రోబోహెల్ప్, మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్, హెల్ప్ అండ్ మాన్యువల్, హెల్ప్‌ఎన్‌డాక్, వీటిలో దేనిని తీసుకున్నా, పొడవైన వర్డ్ డాక్యుమెంటును టాపిక్‌లుగా విడగొట్టడానికి అది ప్రధానంగా చూసేది 'హెడింగ్ 1', 'హెడింగ్ 2' అనే స్టైల్ పేర్లనే, అంటే పేరాకు వర్డ్ తగిలించే రూపం పేర్లనే. మీ పుస్తకం రాసినవారు శీర్షికను టైపు చేసి, అక్షరాల సైజు పెంచి, బోల్డ్ చేసి, మధ్యకు జరిపి ఉంటారని నా అనుమానం. చదివే మనిషికి అది నిస్సందేహంగా శీర్షికే. ఫైలులో మాత్రం అది 'నార్మల్' అనే పేరుగల మామూలు పేరా. కాస్త లావుగా, పెద్దగా ఉన్న మామూలు పేరా, అంతే. కంటికి కనిపించేది ఒకటి, ఫైలులో రాసి ఉన్నది మరొకటి. ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌కు కళ్లు లేవు కాబట్టి, అది ఫైలులో రాసి ఉన్నదానినే నమ్ముతుంది.

నా అనుమానం నిజమో కాదో తెలుసుకోవడానికి అరనిమిషం చాలు. వర్డ్‌లో వ్యూ మెనూకు వెళ్లి 'నేవిగేషన్ పేన్' అనే గడిలో టిక్ పెట్టండి. ఎడమవైపు తెరుచుకునే పట్టీలో మీ అధ్యాయాల పేర్లు వరుసగా కనిపిస్తే హెడింగులు ఉన్నట్లు. ఖాళీగా ఉంటే లేనట్లు. ఆ పట్టీలో ఏది కనిపిస్తుందో, రేపు హెల్ప్ విషయసూచికలో దాదాపు అదే కనిపిస్తుంది. కాబట్టి ఇంపోర్ట్ చేయడానికి ముందు మీ పని అంతా ఆ పట్టీని సరిగ్గా నింపడమే.

140 పేజీలలో ఒక్కొక్క శీర్షికనూ వెతుక్కోనక్కరలేదు. మూలప్రతిని పక్కన భద్రపరచి, నకలు ఒకటి తీసుకోండి. ఒక శీర్షికలో కర్సర్ ఉంచి, హోమ్ ట్యాబ్ చివర ఉన్న 'సెలెక్ట్' కింద, అదే రూపంలో ఉన్న అక్షరాలన్నింటినీ ఎంపిక చేసే ఆదేశాన్ని నొక్కండి. డాక్యుమెంటు మొత్తంలో అదే సైజులో, అదే లావులో ఉన్న శీర్షికలన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే అన్నీ 'హెడింగ్ 1' అవుతాయి. 2 నొక్కితే 'హెడింగ్ 2'. నాలుగేళ్లలో పలువురు రాసిన పుస్తకం కాబట్టి ఒకరు 16 సైజు, మరొకరు 15 సైజు వాడి ఉండవచ్చు. అందువల్ల ఇదే పనిని రెండు మూడుసార్లు చేయవలసి రావచ్చు. అయినా అది ఒక పూట పని.

ఆ తరువాత ఏ స్థాయి హెడింగు దగ్గర టాపిక్ తెంచాలన్న ప్రశ్న వస్తుంది. దీనిని తేలికగా తీసుకోవద్దు, హెల్ప్ పనికివస్తుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. 'హెడింగ్ 1' దగ్గర మాత్రమే తెంచితే, ధాన్యం రాక గురించిన అధ్యాయం మొత్తం ఒక టాపిక్ అవుతుంది. లారీ బయట నిలబడి ఉండగా తూకం చీటీలో తప్పు పడిన గుమాస్తా అంత పొడవునా వెతుక్కోలేడు. 'హెడింగ్ 3' దాకా తెంచితే మూడేసి వాక్యాల ముక్కలు వందల కొద్దీ తయారై, ఏ ముక్కలోనూ పూర్తి సమాధానం ఉండదు. వాడేవాడు ఒకసారి అడిగే ప్రశ్నకు ఒక టాపిక్ అన్నది నేను పాటించే కొలత. 'తూకం చీటీ ఎలా వేయాలి', 'వేసిన చీటీని ఎలా రద్దు చేయాలి', 'తేమ ఎక్కువైతే కోత ఎలా లెక్కించాలి' వంటివి ఒక్కొక్కటి ఒక టాపిక్. చాలా పుస్తకాలలో ఇది 'హెడింగ్ 2' స్థాయికి సరిపోతుంది. సరిపోని చోట హెడింగు స్థాయిని వర్డ్‌లోనే మార్చండి. ఇంపోర్ట్ అయ్యాక టాపిక్‌లను కలపడం, విడదీయడం రెండూ ఎక్కువ శ్రమ.

వరుస సంఖ్యలు తారుమారు కావడానికి కారణం కూడా ఇదే తీరు. కొందరు సంఖ్యలను చేత్తో టైపు చేస్తారు, కొందరు వర్డ్ తనంతట తాను వేసే సంఖ్యలను వాడుతారు, మధ్యలో బొమ్మ వచ్చినప్పుడు మళ్లీ 1 నుంచి మొదలైతే దానిని చేత్తో దిద్దుతారు. కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కి దాగి ఉన్న గుర్తులను బయటపెడితే ఎక్కడెక్కడ ట్యాబులతో, ఖాళీ పేరాలతో సర్దుబాటు చేశారో మీకే తెలుస్తుంది. చేత్తో వేసిన సంఖ్యలను తీసేసి, ఒక పనికి సంబంధించిన మెట్లన్నింటినీ ఒకే జాబితాగా చేయండి. మధ్యలో వచ్చే బొమ్మను, దాని పైనున్న మెట్టులోనే, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కి కొత్త వరుసలో ఉంచండి. అప్పుడు జాబితా తెగదు. దూరం కోసం కొట్టిన ఖాళీ ఎంటర్లను తీసేయండి. లేకపోతే ప్రతి ఖాళీ పేరా హెల్ప్‌లోకి ఖాళీ పేరాగానే వస్తుంది.

ఇంకొక విషయం నా అనుభవం నుంచి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ కోసం పెద్ద పుస్తకాన్ని హెల్ప్‌గా మార్చినప్పుడు, దానిలో ట్రాక్ చేంజెస్ (చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టే వర్డ్ సదుపాయం) నడుస్తోందన్న సంగతిని నేను చూడలేదు. తెరమీద మార్పుల గుర్తులు దాచి ఉన్నందున డాక్యుమెంటు శుభ్రంగా కనిపించింది. ఇంపోర్ట్ అయ్యాక, ఆరు నెలల క్రితం కొట్టేసిన వాక్యాలు కొత్త వాక్యాల పక్కనే తిరిగి ప్రత్యక్షమయ్యాయి. ఒకే టాపిక్‌లో రెండు రకాల సూచనలు చదివినవారు తికమకపడ్డారు. తప్పు నాదే. అప్పటి నుంచి రివ్యూ ట్యాబులో మార్పులన్నింటినీ ఆమోదించి, ట్రాకింగ్ ఆపి, వ్యాఖ్యలను తొలగించిన తరువాత గాని ఏ ఫైలునూ ముట్టుకోవడం లేదు. మీరూ అలాగే చేయండి.

అచ్చు పుస్తకానికి అవసరమై, హెల్ప్‌కు అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి. మొదటి పేజీలలో ఉన్న విషయసూచికను తొలగించండి, దానిని హెల్ప్ సాఫ్ట్‌వేరే తయారుచేస్తుంది. పేజీ సంఖ్యలు, పైనా కిందా ఉండే శీర్షిక పట్టీలు హెల్ప్‌లో ఉండవు. కాబట్టి '12వ పేజీ చూడండి' అన్న వాక్యానికి అర్థం ఉండదు. దాని స్థానంలో ఆ టాపిక్ పేరు రాసి, ఇంపోర్ట్ అయ్యాక లింకు ఇవ్వండి. అంతకంటే గుట్టుగా ఉండేవి 'పైన చెప్పినట్లు', 'కింది పట్టికలో', 'ముందు అధ్యాయంలో చూశాం కదా' వంటి మాటలు. పుస్తకాన్ని వరుసగా చదివేవారికి అవి సహజంగా ఉంటాయి. ఎఫ్1 నొక్కి నేరుగా ఆ టాపిక్‌లోకి దిగినవారికి 'పైన' అన్నదే లేదు. ఏ సాఫ్ట్‌వేరూ వీటిని పట్టుకోలేదు. 'పైన', 'కింద', 'ముందు', 'పేజీ' అనే నాలుగు మాటలను వర్డ్‌లో ఫైండ్ చేసి, ఒక్కొక్క చోట ఆగి, వాక్యాన్ని తిరిగి రాయవలసిందే. ఈ మొత్తం పనిలో మనిషి బుద్ధి బాగా అవసరమయ్యే భాగం ఇది. విసుగు పడకుండా చేయండి.

ఇంపోర్ట్ సమయంలో సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వర్డ్‌లోని రూపాన్ని అలాగే ఉంచాలా, హెల్ప్ ప్రాజెక్టు స్టైళ్లకు జతపరచాలా అన్నది వాటిలో ముఖ్యం. అలాగే ఉంచమంటే మొదటి రోజు చూడముచ్చటగా ఉంటుంది. కానీ ప్రతి పేరాకూ సైజు, రంగు, ఫాంటు విడివిడిగా అంటుకుని వస్తాయి, ఆ తరువాత అక్షరాల సైజు మార్చాలంటే ప్రతి టాపిక్‌నూ తెరవవలసి వస్తుంది. జతపరచమనడమే మేలు. మొత్తం పుస్తకాన్ని ఒక్కసారి ఎక్కించకుండా, పట్టికలు, బొమ్మలు, జాబితాలు మూడూ ఉన్న ఒక అధ్యాయాన్ని మాత్రం విడిగా సేవ్ చేసి ప్రయత్నించండి. అది సరిగ్గా వస్తే మిగిలినవి వస్తాయి. పాత డాక్ రకం ఫైలైతే ముందు డాక్ఎక్స్‌గా సేవ్ చేసుకోండి.

చివరిగా, ఇంపోర్ట్ అయ్యాక దిద్దుబాట్లు ఎక్కడ చేస్తారో ముందే అందరూ కలిసి నిర్ణయించుకోండి. ఫ్లేర్ వంటి కొన్నింటిలో వర్డ్ ఫైలుతో సంబంధం నిలుపుకొని, వర్డ్‌లో మార్చిన ప్రతిసారీ తిరిగి ఇంపోర్ట్ చేసుకునే వీలుంది. ఆ పద్ధతిలో హెల్ప్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన దిద్దుబాట్లు తరువాతి ఇంపోర్ట్‌లో తుడిచిపెట్టుకుపోయే ప్రమాదమూ ఉంది. మీ వంటి చిన్న బృందానికి ఒక్కసారే ఇంపోర్ట్ చేసి, వర్డ్ ఫైలును పాతప్రతిగా పక్కన పెట్టి, ఇక మీదట హెల్ప్ సాఫ్ట్‌వేర్‌లోనే రాయడం మంచిదని నేను అనుకుంటాను. అచ్చు ప్రతి కావలసి వస్తే అక్కడి నుంచే వర్డ్‌గానో పీడీఎఫ్‌గానో తీసుకోవచ్చు.

ప్రశ్న: గౌరవనీయులైన మీకు నమస్కారాలు. నేను పొదుపు సంఘాల లెక్కల ప్రోగ్రాముకు వాడుక పుస్తకం రాస్తున్నాను. మా సంఘాలలోని ఆడవారు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడియాలో చదువుకున్నవారు, కొందరు చదువు లేనివారు. అందువల్ల నేను బొమ్మల మీదే ఎక్కువగా ఆధారపడ్డాను. ప్రతి స్క్రీన్‌షాట్ మీద ఎర్ర బాణాలు, అంకెలు వేసి, ఎక్కడ నొక్కాలో చూపించాను. ఇంపోర్ట్ చేశాక బాణాలు కొన్ని మాయమయ్యాయి, కొన్ని పేజీ అడుగున గుంపుగా పడి ఉన్నాయి. బొమ్మల్లోని అక్షరాలు మసకగా ఉన్నాయి. అన్నిటికంటే విచిత్రం, మూడో అధ్యాయంలో ఉండవలసిన బొమ్మ మొదటి అధ్యాయంలో కనిపిస్తోంది. నేను ఎక్కడ పొరపాటు చేశాను?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ పుస్తకంలో బొమ్మ అలంకారం కాదు, సూచన అంతా దానిలోనే ఉంది. బాణం మాయమైతే ఆ మెట్టే మాయమైనట్లు. అందుచేత మీ మూడు ఇబ్బందులకూ వివరంగానే జవాబు చెబుతాను.

వర్డ్‌లో మీరు స్క్రీన్‌షాట్ మీద గీసిన బాణం, నిజానికి ఆ బొమ్మ మీద లేదు. బొమ్మ ఒక వస్తువు, బాణం వేరొక వస్తువు. రెండూ పేజీలో ఒకే చోట పడేలా కొలతలు కుదిరాయి, అంతే. హెల్ప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే హెచ్‌టీఎంఎల్ పేజీకి, అంటే వెబ్ పేజీకి, అచ్చు పేజీ లాంటి స్థిరమైన కొలతలు లేవు, కాబట్టి బాణానికి తన చోటు ఏదో తెలియదు. టెక్స్ట్ బాక్సులు, స్మార్ట్‌ఆర్ట్, వర్డ్‌లో గీసిన గడులు, వీటన్నింటికీ ఇదే గతి పట్టవచ్చు. ఇక మీదట బాణాలను, అంకెలను వర్డ్‌లో గీయకుండా, పెయింట్ వంటి బొమ్మల ప్రోగ్రాములో స్క్రీన్‌షాట్ మీదే గీసి, పీఎన్‌జీ రకం బొమ్మగా సేవ్ చేసి, ఆ తరువాత చేర్చండి. ఇప్పటికే ఉన్నవాటికి దగ్గరి దారి ఒకటుంది: బొమ్మనూ దాని బాణాలనూ కలిపి ఎంపిక చేసి, గ్రూప్ చేసి, కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో పీఎన్‌జీని ఎంచుకుని తిరిగి అతికించండి. అప్పుడు అన్నీ కలిసి ఒకే బొమ్మ అవుతాయి. బొమ్మను గ్రూప్ చేయనివ్వకపోతే, దాని 'ర్యాప్ టెక్స్ట్' తాత్కాలికంగా 'స్క్వేర్'కు మార్చి చూడండి. పని అయ్యాక ప్రతి బొమ్మనూ 'ఇన్ లైన్ విత్ టెక్స్ట్'కు తేవాలి. అలా చేస్తే బొమ్మ ఒక పెద్ద అక్షరంలా వాక్యం పక్కనే ఉండి, ఇంపోర్ట్‌లో చోటు తప్పదు.

బొమ్మలో తెలుగు మాటలు రాసి ఉంటే ఒడియా ప్రతికి మళ్లీ మొత్తం గీయవలసి వస్తుంది. మీరు ఎలాగూ అంకెలు వాడుతున్నారు కాబట్టి, బొమ్మ మీద 1, 2, 3 అని మాత్రమే వేసి, వాటి వివరణను బొమ్మ కింద పాఠంగా రాయండి. అదే బొమ్మ రెండు భాషలకూ సరిపోతుంది.

మసకకు కారణాలు రెండు మూడు కలిసి ఉండవచ్చు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. రెండువైపులా అంగుళం చొప్పున అంచు వదిలితే రాతకు మిగిలేది సుమారు 6.27 అంగుళాలు. తెర లెక్కలో అంగుళానికి 96 చుక్కలు కాబట్టి, అది దాదాపు 602 చుక్కల వెడల్పు. మీ ల్యాప్‌టాప్ తెర 1366 చుక్కల వెడల్పుదైతే, మొత్తం తెరను స్క్రీన్‌షాట్ తీసి పేజీలో పట్టించినప్పుడు అది సగానికంటే తక్కువకు కుంచించుకుపోతుంది. అచ్చులో ప్రింటరు చుక్కలు సన్నవి కనుక అది బాగానే కనిపిస్తుంది. తెరమీద అక్షరాలు అలుక్కుపోతాయి. మొత్తం తెరను కాకుండా, నొక్కవలసిన బటను చుట్టూ ఉన్న భాగాన్నే తీసి, దాని అసలు సైజులోనే వాడండి. చదువు రానివారికి కూడా అదే సులభం, కళ్లు వెతుక్కోనక్కరలేదు.

రెండో కారణం, వర్డ్ సేవ్ చేసేటప్పుడు బొమ్మలను కుదిస్తుంది. ఫైల్ మెనూలో ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ కింద, బొమ్మలను కుదించవద్దని చెప్పే గడి ఒకటుంది. బొమ్మలు చేర్చడానికి ముందే దానిలో టిక్ పెట్టాలి, ఒకసారి కుదించిన తరువాత పోయిన వివరం తిరిగి రాదు. మూడో కారణం వాట్సాప్. సంఘంలో కంప్యూటరు దగ్గర కూర్చునేవారు స్క్రీన్‌షాట్ తీసి మీకు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే, అది దారిలోనే కుదించబడి జేపెగ్‌గా మారుతుంది. జేపెగ్ మనుషుల ఫోటోలకు మంచిది గాని, సన్నని గీతలు, అక్షరాలు ఉన్న తెర బొమ్మలకు అంచుల వెంబడి మరకలు తెస్తుంది. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని వారికి చెప్పండి, ఫైలు ఉన్నది ఉన్నట్లుగా వస్తుంది.

ఇక ఒక అధ్యాయం బొమ్మ మరో అధ్యాయంలో కనిపించడం. మైక్రోసాఫ్ట్ ఆఫీసు 2007తో వచ్చిన డాక్ఎక్స్ అనే ఫైలు రకం నిజానికి ఒక జిప్ మూట. నకలు ఒకటి తీసుకుని, దాని చివర ఉన్న డాక్ఎక్స్ అన్న మాటను జిప్‌గా మార్చి తెరిచి చూడండి. లోపల 'వర్డ్' అనే ఫోల్డరు, దానిలో 'మీడియా' అనే ఫోల్డరు ఉంటాయి. మీ బొమ్మలన్నీ అక్కడే ఉంటాయి, కానీ మీరు పెట్టిన పేర్లతో కాదు, ఇమేజ్1, ఇమేజ్2 అన్న వరుస పేర్లతో. మీరు ఒక్కొక్క అధ్యాయాన్ని ఒక్కొక్క ఫైలుగా రాసి ఉంటారు. ప్రతి ఫైలులోనూ ఇమేజ్1 ఒకటి ఉంటుంది. అన్నింటినీ ఒకే బొమ్మల ఫోల్డరులోకి ఇంపోర్ట్ చేసినప్పుడు, చివర వచ్చిన ఇమేజ్1 ముందున్న ఇమేజ్1 స్థానాన్ని ఆక్రమిస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు పేరు మార్చి జాగ్రత్తపడతాయి, కొన్ని పడవు. ప్రతి అధ్యాయానికీ వేరే బొమ్మల ఫోల్డరు చూపించి తిరిగి ఇంపోర్ట్ చేయండి. ఆ తరువాత హెల్ప్ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే బొమ్మల పేర్లు మార్చుకోండి. బయట ఫోల్డరులో మారిస్తే లింకులు తెగుతాయి. పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, ఖాళీలు లేకుండా, మధ్యలో అడ్డగీతతో పెట్టుకోండి.

ఆ మీడియా ఫోల్డరులో ఈఎంఎఫ్ లేదా డబ్ల్యూఎంఎఫ్ రకం ఫైళ్లు కనిపిస్తే వాటిని పీఎన్‌జీగా మార్చుకోవాలి, బ్రౌజర్లు వాటిని చూపించవు. బొమ్మ డాక్యుమెంటులో కనిపిస్తున్నా మీడియా ఫోల్డరులో లేకపోతే, అది వేరే చోటి ఫైలుకు లింకుగా మాత్రమే ఉందన్నమాట. దానిని తొలగించి, మామూలుగా ఇన్‌సర్ట్ చేయండి. ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, రాయడం మరవకండి. చూపు తక్కువగా ఉన్నవారికి కంప్యూటరు చదివి వినిపించేది అదే.

ప్రశ్న: నమస్తే. నేను బరంపురంలో డీటీపీ పని చేస్తాను. ఒక కొట్టు లెక్కల ప్రోగ్రాము పుస్తకాన్ని ఏడేళ్ల క్రితం తెలుగులో అను ఫాంట్లతో, ఒడియాలో ఆకృతి ఫాంట్లతో వర్డ్‌లో చేసి ఇచ్చాను. అదే ఫైలును హెల్ప్ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే తెలుగు, ఒడియా రెండూ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తున్నాయి. నా కంప్యూటరులో అవే ఫాంట్లు ఉన్నాయి కూడా. మళ్లీ మొత్తం టైపు చేయాలా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మళ్లీ టైపు చేయనక్కరలేదు, కానీ మార్పిడి తప్పదు. ఆ ఫాంట్లలో మీరు 'క' అని చూసేది ఫైలులో 'క' కాదు. ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం లేదా గుర్తు, దానికి తెలుగు ముక్క ఆకారాన్ని తొడిగారు. ఫాంటు పేరు తొలగిన క్షణంలో లోపలి అక్షరం బయటపడుతుంది. హెల్ప్ స్టైళ్లకు జతపరచినప్పుడు తొలగేది ఆ ఫాంటు పేరే. దానిని పట్టుబట్టి నిలిపి ఉంచినా లాభం లేదు. వాడేవారి కంప్యూటరులో ఆ ఫాంటు ఉండదు, వారు తెలుగులో వెతికితే ఏదీ దొరకదు. తెలుగు, ఒడియా లిపులు రెండింటికీ 1991లో వచ్చిన యూనికోడ్ (ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) మొదటి వెర్షన్ నుంచే వేర్వేరు స్థానాలు ఉన్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, 2012లో వచ్చిన విండోస్ 8లో ఈ రెండు లిపులనూ చూపగల నిర్మలా యూఐ ఫాంటు ఉన్నాయి. ఫైలు యూనికోడ్‌లో ఉంటే ఫాంటు గురించి బెంగ అక్కరలేదు.

అను నుంచి, ఆకృతి నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు దొరుకుతాయి. అయితే ఒక హెచ్చరిక. మీ పుస్తకంలో మెనూల పేర్లు, ఎఫ్2, ఎంటర్ వంటివి ఇంగ్లీషులో ఉంటాయి కదా. పేజీ మొత్తాన్ని మార్పిడికి ఇస్తే అవి కూడా తెలుగు ముక్కలుగా చెడిపోతాయి. వర్డ్ ఫైండ్‌లో అక్షరాలకు బదులు ఫాంటు పేరునిచ్చి వెతకవచ్చు. అను ఫాంటులో ఉన్నవాటిని మాత్రమే తీసి మార్చండి, ఆకృతివి విడిగా మార్చండి. మారిన తరువాత రాష్ట్రం, శాస్త్రం, కృష్ణ, జ్ఞానం వంటి కిందా పక్కా ఒత్తులున్న మాటలను ముందుగా చూడండి, పొరపాట్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఒక మనిషి చదివి దిద్దకుండా మార్పిడి ప్రతిని ఎవరికీ ఇవ్వవద్దు. పని చేసినవారిగా మీ పేరుకు అది అవసరం.

డీటీపీ చేసేవారు కూడా తరచుగా గమనించని సూక్ష్మం ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' పక్కన కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. అది పక్క అక్షరాన్ని ఒత్తుగా మారకుండా ఆపుతుంది. ఇంపోర్ట్‌లోనో, అనవసరపు గుర్తులను తుడిచే ఆదేశంలోనో అది పోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. చదవడానికి ఇబ్బందిగా ఉండటమే కాదు, ఒక చోట అది ఉండి, మరొక చోట లేకపోతే, వెతికినప్పుడు రెండూ వేర్వేరు మాటలుగా లెక్కకు వచ్చి, సగం టాపిక్‌లు దొరకకుండా పోయే వీలుంది. ఇలాంటి మాటలను ఒక కాగితం మీద రాసుకుని, పుస్తకమంతా ఒకే తీరుగా ఉంచండి.

తెలుగును, ఒడియాను ఒకే ఫైలులో పేజీ పక్కన పేజీగా ఉంచకుండా రెండు ఫైళ్లు, రెండు ప్రాజెక్టులు చేయండి. రెండింటిలోనూ హెడింగుల వరుస ఒకటే ఉండాలి, ప్రతి టాపిక్‌కు ఒకే గుర్తింపు పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి. అప్పుడు ప్రోగ్రాములో ఎఫ్1 నొక్కినప్పుడు, వాడేవారు ఏ భాషను ఎంచుకున్నా అదే టాపిక్ తెరుచుకుంటుంది. టాపిక్ ఫైలు పేరును శీర్షిక నుంచే తీసుకునే సాఫ్ట్‌వేర్ అయితే, తెలుగు శీర్షికల దగ్గర వింత పేర్లు తయారవుతాయి. వాటిని మొదటి రోజే మార్చుకోండి.

ప్రశ్న: అయ్యా, నేను తయారుచేసిన సీహెచ్‌ఎం హెల్ప్‌లో టాపిక్ లోపల తెలుగు చక్కగా ఉంది, ఎడమవైపు విషయసూచికలో మాత్రం ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నాయి. పైగా ఈమెయిలులో పంపితే అవతలివారికి టాపిక్‌లన్నీ ఖాళీగా వస్తున్నాయట.
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: సీహెచ్‌ఎం అన్నది విండోస్‌లో హెల్ప్‌ను ఒకే ఫైలుగా కట్టే 1997 నాటి పద్ధతి. టాపిక్ పేజీలు యూనికోడ్‌లో ఉండవచ్చు గాని, విషయసూచిక, పదసూచిక మాత్రం విండోస్ పాత సంకేతపట్టికల మీద ఆధారపడతాయి. తెలుగుకు, ఒడియాకు విండోస్ సిస్టమ్ స్థాయిలో అటువంటి పాత పట్టిక లేదు, యూనికోడ్ ఒక్కటే ఉంది. అందువల్ల ఆ ప్రశ్నార్థకాలు మీ తప్పు వల్ల వచ్చినవి కావు, ఏ సెట్టింగుతోనూ అవి పూర్తిగా పోవు. అదే ప్రాజెక్టును వెబ్‌హెల్ప్‌గా లేదా హెచ్‌టీఎంఎల్5గా, అంటే బ్రౌజరులో తెరుచుకునేదిగా తయారుచేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి, విషయసూచిక కూడా తెలుగులో వస్తుంది. మీరు ఇంపోర్ట్ చేసినదేదీ వృథా కాదు.

ఖాళీ టాపిక్‌ల కారణం వేరు. బయటి నుంచి వచ్చిన సీహెచ్‌ఎం ఫైలులోని పేజీలను విండోస్ భద్రత కోసం అడ్డుకుంటుంది. అవతలివారు ఆ ఫైలు మీద కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' గడిలో టిక్ పెడితే తెరుచుకుంటుంది. ఆఫీసులో ఒకే కంప్యూటరులో ఉంచి నెట్‌వర్కు ద్వారా తెరిచినా ఇదే ఖాళీ కనిపిస్తుంది, 2005 నాటి భద్రతా మార్పు నుంచి అలా ఉంది. కాబట్టి ఎవరి కంప్యూటరులోకి వారు కాపీ చేసుకోవాలి. ఫైలు ఉన్న ఫోల్డరు పేరులో హాష్ గుర్తు ఉన్నా పేజీలు రావు, అది కూడా ఒకసారి చూడమనండి.